ఫార్మసీ కౌంటర్ దగ్గర స్పానిష్: లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ కోర్సు కొన్నేళ్లు వాడాక

హ్యూస్టన్‌లో మా ఫార్మసీకి వచ్చేవాళ్లలో మెక్సికో, హోండురస్, ఎల్ సాల్వడార్ వాళ్లు చాలామంది. వాళ్లతో నాలుగు ముక్కలు మాట్లాడాలని లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వాళ్ల ‘కంప్లీట్ స్పానిష్’ మొదలుపెట్టాను. పూర్తిగా ఉచితం, విరాళాల మీద నడుస్తుంది. 90 ఆడియో పాఠాలు. మిహాలిస్ ఎలెఫ్తెరియు ఒక విద్యార్థికి పాఠం చెబుతుంటాడు. ఆయన ప్రశ్న వేయగానే ఆడియో ఆపి మనమూ జవాబు చెప్పాలి. రాసుకోవద్దు, బట్టీ పట్టొద్దు అంటాడు. డ్యూటీకి వెళ్తూ వస్తూ కారులోనే పూర్తిచేశాను, చివరి పాఠాలు ఇప్పటికీ మళ్లీ వింటుంటాను.

కోర్సు నడిచేది ఇంగ్లిష్‌లో. కానీ తెలుగువాళ్లు అర్థాన్ని నేరుగా తెలుగులోకి తెచ్చుకుంటే సగం బరువు దిగిపోతుంది. ‘మె గుస్తా ఎల్ కఫె’ అంటే నాకు కాఫీ నచ్చుతుంది. ఇంగ్లిష్‌లో తాగేవాడు కర్త, స్పానిష్‌లో మనలాగే కాఫీ కర్త. ‘మె ద్వెలె లా కబెసా’ అంటే నాకు తల నొప్పెడుతోంది, మాటకు మాట సరిపోయింది. ‘ఆబ్లో’ మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ మాట్లాడతావు. ఎవరన్నది క్రియ చివరే తెలిసిపోతుంది, ‘నేను’, ‘నువ్వు’ విడిగా పెట్టక్కర్లేదు. ‘తూ’ నువ్వు, ‘ఉస్తెద్’ మీరు. పెద్దవాళ్లతో ఏది వాడాలో మనకి ఒకరు నేర్పాలా?

ఇక మందుల చీటీ దగ్గర వాక్యాలు. ‘కాదా ఓచో ఓరాస్’ ఎనిమిది గంటలకోసారి, ‘కోన్ కొమీదా’ భోజనంతో, ‘ఎన్ ఆయూనాస్’ పరగడుపున. అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది ‘ఉనా వెస్ అల్ దియా’, అంటే రోజుకొకసారి. లేబుల్ మీద ఇంగ్లిష్ ‘వన్స్’ అలాగే ఉండిపోతే, అవే అక్షరాలు స్పానిష్‌లో ‘ఓన్సె’ అవుతాయి. ఓన్సె అంటే పదకొండు! బీపీ మాత్ర రోజుకి పదకొండు వేసుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే సగం ఇంగ్లిష్, సగం స్పానిష్ ఉన్న లేబుల్ నా చేతిమీదుగా బయటికి వెళ్లనివ్వను.

ఈ కోర్సు ఉద్దేశం వాక్యం ఎలా కట్టాలో నేర్పడం. వీధిలో వినిపించే మాటల కోసం మనుషుల దగ్గరికే వెళ్లాలి. మెక్సికో పెద్దవాళ్లకి మన మాట వినపడకపోతే ‘మాందె?’ అంటారు, ఏమన్నారండీ అని మర్యాదగా అడగడం. ‘అఓరీతా’ అన్నారంటే ఇప్పుడే కావచ్చు, కాసేపాగి కూడా కావచ్చు. మనం ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అన్నట్టే. లంచ్ రూమ్‌లో తింటున్నవాళ్లని చూసి ‘ప్రొవేచో’, అంటే హాయిగా తినండి, అనడం మా టెక్నీషియన్లు నేర్పారు. ఆ ఒక్క మాటకి వాళ్ల ముఖాలు విప్పారడం నాకు ఎంతో ఇష్టం.

అసలు మాట్లాడే వేగానికి చెవి అలవాటు పడాలంటే వేరే వినికిడి కావాలి, అందుకు రోజూ కాస్త స్పానిష్ రేడియో పెట్టుకుంటాను. మందు ఎలా వాడాలో వివరంగా చెప్పాల్సి వస్తే మాత్రం ఈనాటికీ ఇంటర్‌ప్రెటర్ లైన్‌కే ఫోన్ చేస్తాను. నా స్పానిష్ పలకరింపులకీ, ఎక్కడ నొప్పో అడగడానికీ, బిల్లు కట్టించుకోవడానికీ సరిపోతుంది. అంతవరకూ కావాలనుకునే తెలుగువాళ్లెవరికైనా ముందుగా ఈ కోర్సే చెబుతాను.