697 ఇంజన్ సెమీ ఫినిష్ కిట్టు: డబ్బాలో సరుకు మంచిదే, లేత్ షాపులోనే కళ్లు తెరుచుకోవాలి

టాటా 1612, 1613 లారీల్లో వచ్చిన 697 ఇంజనుకు దొరికే సెమీ ఫినిష్ లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) కిట్టు ఒకటి, దాన్ని బ్లాకులో కూర్చోబెట్టి బోరు కొట్టే తిరుపతి, చిత్తూరు లేత్ షాపుల పని ఒకటి. ఈ రివ్యూ ఆ రెండింటి మీదే. ఇంజన్ మొత్తాన్ని షెడ్డుకు అప్పగించకుండా, ఇంటి ముందు రేకుల కింద దించి, విప్పి, మళ్లీ కట్టుకునే వాళ్లకే ఇది పనికొస్తుంది. కిట్టుకు అయిదుకు నాలుగు. లేత్ పనికి రెండున్నర. దగ్గర నిలబడి కొలతలు చూసుకుంటే మూడున్నర దాకా పోవచ్చు.

697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 128. మొత్తం 5675 సీసీ. బోరు, స్ట్రోకు రెండూ మెర్సిడెస్ ఓఎం 352 కొలతలే. పాత తరం ఇంజన్ కాబట్టి విడిభాగాలకు కొదవ లేదు. తిరుపతిలో దొరకకపోతే చెన్నై నుంచి మర్నాటికి వస్తుంది. నకిలీ సరుకు కూడా అంతే సులువుగా వస్తుంది, అందుకే డబ్బా సీలు చూడకుండా తీసుకోవద్దు.

కిట్టులో వచ్చేవి ఆరు లైనర్లు, ఆరు పిస్టన్లు, పిన్నులు, సర్‌క్లిప్పులు, ఆరు సెట్ల రింగులు. అంతే. బేరింగులు, స్మాల్ ఎండ్ బుష్షులు, ప్యాకింగ్ సెట్టు, వాల్వు గైడ్లు, ఆయిల్ సీళ్లు ఏవీ రావు. "ఫుల్ కిట్టు" అని కొట్లో అంటారు గానీ, ఆ మాట నమ్మి ఇంజన్ విప్పితే సగంలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. మార్కు తగ్గించింది అందుకే. సరుకు నాణ్యతలో వంక పెట్టేదేమీ లేదు: పేరున్న పిస్టన్ కంపెనీల డబ్బాలో ప్రతి పిస్టన్ తల మీద కొలత కొట్టి ఉంటుంది, రింగుల మీద "టాప్" గుర్తు స్పష్టంగా ఉంటుంది, ఎంత క్లియరెన్సు (పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు) ఇవ్వాలో చీటీ ఉంటుంది. లైనర్లు మన దగ్గర విజయవాడ కుశలవ సరుకు కూడా విరివిగా దొరుకుతుంది.

సెమీ ఫినిష్ అనే మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఇది డ్రై లైనర్, నీళ్లు తగలవు, గోడ పలచన. బ్లాకులోకి నొక్కేటప్పుడు అది కాస్తయినా ఆకారం మారుతుంది. అందుకే లోపల కొంచెం మందం ఉంచి పంపుతారు, నొక్కాకే బోరు కొట్టి హోనింగ్ చెయ్యాలి, అంటే రాయితో సన్నటి గీతలు పడేలా రుద్దాలి. తక్కువలో అయిపోతుందని నొక్కిన వెంటనే రింగులు ఎక్కించేస్తే లోపల గుండ్రంగా ఉండదు, ఆయిలు తాగడం మొదటి రోజే మొదలవుతుంది.

కొనే ముందు బ్లాకును కొలవాలి. ఇంజన్ దింపడం పెద్ద విద్య కాదు. కాకపోతే గేరు పెట్టె విడదీశాక కూడా బరువు నాలుగు వందల కిలోల పైమాటే. వేపచెట్టు కొమ్మను నమ్ముకోవద్దు, ఇనప దూలానికి రెండు టన్నుల చైన్ పుల్లీ కట్టండి. అడుగున ఉన్న ఆయిల్ పాన్ విప్పగానే, క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసు) పట్టుకునే మెయిన్ క్యాపులు ఏడూ, రాడ్ క్యాపులు ఆరూ ఏది ఏ వైపుదో పంచ్‌తో గుర్తు పెట్టుకోవాలి. క్యాపు తిరగబడి బిగిస్తే బేరింగ్ పట్టేస్తుంది, ఏ గ్రైండింగూ కాపాడదు.

బ్లాకుకు ఇంతకుముందే లైనర్లు వేసి ఉంటే, వాటిని పీకాక బ్లాకు అసలు బోరు కొలవాలి. పైన, నడుమ, కింద; ప్రతి చోటా రెండు వైపులా. రెండు మూడు సార్లు లైనర్లు మారిన బ్లాకులో ఆ రంధ్రమే వదులై ఉంటుంది. అప్పుడు మామూలు కిట్టు పనికిరాదు, బయటి వ్యాసం ఎక్కువున్న లైనర్ అడగాలి. ఇది కొట్లో ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

ఇక లేత్ షాపు. ఊళ్లో పని బాగా చేసే చేతులు లేవని కాదు. తొందర ఎక్కువ. మామిడికాయ దిగే నెలల్లో అయితే ఏ షాపుకూ ఊపిరాడదు, బండి ఆగితే రోజు కిరాయి పోతుందని అందరూ మీద పడతారు. పని పడితే మార్చిలోపే ఇచ్చుకోవడం మేలు. మూడు చోట్ల ఖచ్చితంగా నిలదీయాలి.

మొదటిది, లైనర్ నొక్కే పద్ధతి. చెక్క పెట్టి సమ్మెటతో దించే అలవాటు ఇంకా ఉంది. అలా దించితే లైనర్ అంచు దగ్గర కంటికి కనపడని పగులు వస్తుంది. హైడ్రాలిక్ ప్రెస్సు మీద, గేజీ చూస్తూ, ఒకే ఊపులో దిగాలి. చేత్తో జారిపోయేంత వదులుగా ఉంటే ఆ లైనర్ వద్దు: గోడకూ బ్లాకుకూ మధ్య సందు ఉంటే లైనర్ వేడి బ్లాకులోని నీళ్లకు చేరదు, పిస్టన్ పట్టేస్తుంది. ఆ సందు పూడుస్తామని అనబాండ్ జిగురు పూయడం ఇంకా పెద్ద తప్పు, అది వేడిని ఆపే పొర. నొక్కాక లైనర్ పై అంచు బ్లాకు ముఖం కంటే కిందికి దిగి ఉందేమో స్కేలు పట్టి చూడాలి. దిగి ఉంటే హెడ్ ప్యాకింగ్ అక్కడే పోతుంది.

రెండోది, బోరు కొలత. "97 కొట్టేశాం" అనే మాట సరిపోదు. ఆరు పిస్టన్లనూ ముందే షాపుకు ఇచ్చి, ప్రతిదాన్నీ స్కర్ట్ (కింది భాగం) దగ్గర, పిన్నుకు అడ్డంగా, మైక్రోమీటరుతో కొలిపించి, ఏ పిస్టన్‌కు ఆ బోరు అని కొట్టించాలి. ఒక్కో బోరుకు చీటీలో ఉన్న క్లియరెన్సు కలిపి తుది కొలత కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితం ఇవ్వని షాపుకు నేరుగా ఒక మార్కు తీసేయొచ్చు. హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ కనపడాలి. అద్దంలా మెరిసే బోరు చూసి మురిసిపోవద్దు, ఆ గీతల్లో నిలిచే ఆయిలే రింగును కాపాడుతుంది.

మూడోది, క్రాంకు గ్రైండింగ్. అండర్ సైజులు, అంటే జర్నల్ (క్రాంకు మీద బేరింగ్ కూర్చునే భాగం) అసలు కొలత కంటే ఎంత తగ్గిందో, 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు. బేరింగులు ముందే కొని పెట్టుకోవద్దు. ఎంతకు గ్రైండ్ అయిందో తేలాకే ఆ సైజు కొనాలి. జర్నల్ మూలల్లో గుండ్రటి వంపు అలాగే ఉండాలి. రాయి అరిగిపోయి మూల నిలువుగా కోసినట్టు వస్తే, మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు క్రాంకు విరిగేది సరిగ్గా అక్కడే. గ్రైండింగ్‌కు ముందు పగుళ్ల పరీక్ష, తర్వాత ఆయిల్ రంధ్రాల అంచులు సాపు చేయడం, పాలిష్: ఈ మూడూ అడిగి చేయించుకోవాలి. అడగకపోతే మూడింట్లో ఒకటి వదిలేస్తారు. రాడ్లు వంకర ఉన్నాయేమో చూపించండి, స్మాల్ ఎండ్ బుష్షు నొక్కాక రీమ్ చేయించండి.

హెడ్డు సంగతి కొంచెమే. ఆరింటికీ ఒకటే హెడ్డు కాబట్టి వేడెక్కిన ఇంజనులో అది వంగి ఉండే అవకాశం ఎక్కువ. ప్రెషర్ టెస్టు చేయించాకే ఫేసింగ్ (ముఖం చదును చేయడం). సీటు ఎక్కువ కోస్తే వాల్వు లోపలికి దిగిపోయి కంప్రెషన్ తగ్గుతుంది, పొద్దున స్టార్టు కాదు. తక్కువ కోసి పైకి లేచి ఉంటే పిస్టన్‌కు తగులుతుంది. ఎంత లోతు ఉందో డెప్త్ గేజితో చూపించమనండి.

బ్లాకు ఇంటికొచ్చాక మొదటి పని కట్టడం కాదు, కడగడం. హోనింగ్ రాయి పొడి డీజిలుతో పోదు, డీజిలు దాన్ని గీతల్లోకి ఇంకా నొక్కుతుంది. వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, బ్రష్షు. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. వెంటనే ఆరబెట్టి ఆయిలు పూయకపోతే గంటలో తుప్పు పడుతుంది. ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు అన్నీ విప్పి బ్రష్షు దూర్చాలి. క్రాంకు లోపలి దారులూ అంతే. పాత ఇంజనులో బేరింగ్ ముక్కలై ఉంటే పాత ఆయిల్ కూలరును తీసి పారేయడమే మంచిది. దాని మూలల్లో దాక్కున్న పొడి కొత్త బేరింగులను మొదటి వారంలోనే తినేస్తుంది. ఇలా పోయిన ఇంజన్లకు నింద మాత్రం కిట్టు మీద పడుతుంది.

కట్టేటప్పుడు కావలసిన పనిముట్లు: టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, రింగ్ కంప్రెసర్, ప్లాస్టిగేజ్ (బేరింగ్ సందు కొలిచే సన్నటి ప్లాస్టిక్ దారం). ఆకుపచ్చ ప్లాస్టిగేజ్ 0.025 నుంచి 0.076 మిల్లీమీటర్ల దాకా చూపిస్తుంది, ఎర్రది 0.05 నుంచి 0.15 దాకా. జర్నల్ మీద చిన్న ముక్క పెట్టి, క్యాపును టార్కుకు బిగించి విప్పి, నలిగిన వెడల్పు కొలవాలి. మధ్యలో క్రాంకు తిప్పారో, కొలత పోయినట్టే. ప్రతి రింగునూ దాని బోరులోకి దించి, పిస్టన్ తలతో సమంగా తోసి, గ్యాపు చూడాలి. 97 బోరుకు పై రింగు గ్యాపు 0.30 కంటే తక్కువ ఉంటే వేడికి కొసలు కలిసి లైనర్‌ను గీరేస్తాయి. గ్యాపులు ఒకే వరసలోకి రాకుండా చుట్టూ పంచి పెట్టాలి. ఒక్కో పిస్టన్ దించాక క్రాంకును చేత్తో తిప్పి చూడండి. ఏ పిస్టన్ దగ్గర బిగుసుకుందో అప్పుడే తెలుస్తుంది, ఆరూ దించాక వెతకాలంటే మళ్లీ విప్పడమే. హెడ్ బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ, మూడు విడతల్లో. ప్యాకింగుకు గ్రీజు, షెల్లాకు ఏమీ వద్దు.

వాల్వు సెట్టింగ్ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు, మిల్లీమీటర్లలో) చల్లటి ఇంజను మీద: ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30. ఫైరింగ్ వరస 1-5-3-6-2-4. ఆరో సిలిండర్ వాల్వులు ఊగుతున్నప్పుడు (ఎగ్జాస్ట్ మూసుకుంటూ, ఇన్‌లెట్ తెరుచుకుంటూ ఉన్నప్పుడు) ఒకటోది, రెండోవి ఊగినప్పుడు అయిదోది, నాలుగోవి ఊగితే మూడోది, ఒకటోవి ఊగితే ఆరోది, అయిదోవి ఊగితే రెండోది, మూడోవి ఊగితే నాలుగోది సెట్ చేసుకుంటూ పోవాలి. నాజిల్ కింద పాత రాగి వాషరు అతుక్కుని ఉండగానే మీద కొత్తది వేసేస్తారు. రెండు వాషర్లతో నాజిల్ పైకి లేచి డీజిలు చల్లే చోటు మారుతుంది, పొగ తగ్గదు. డీజిల్ పంపు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు, పంపు షాపుకే.

మొదటి స్టార్టుకు ముందు ఆయిలు, ఫిల్టరు నింపి, టర్బో ఉన్న ఇంజనైతే దాని ఆయిల్ పైపు విప్పి కాస్త పోసి, డీజిలు ఆపే స్టాప్ లాగి పట్టుకుని ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా స్టార్టరు తిప్పాలి, ఒక్కోసారి పదిహేను సెకన్లు మించకుండా. అంటుకున్నాక గంటల కొద్దీ స్లోలో వదిలేసే ఆచారం ఒకటుంది, అది లైనర్‌కు గ్లేజు (నున్నటి పొర) పట్టించి రింగులు కూర్చోకుండా చేస్తుంది. వేడెక్కగానే లీకులు చూసుకుని రోడ్డెక్కించాలి. రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట రోడ్డు చదునుగా ఉంటుంది, సగం లోడుతో అక్కడ తిప్పండి. భాకరాపేట ఘాటు, పలమనేరు వైపు మొగిలి ఘాటు మొదటి వెయ్యి కిలోమీటర్లు వద్దు. ఆ తర్వాత ఆయిలు, ఫిల్టరు మార్చి, ట్యాపెట్లు (వాల్వు సందులు) మళ్లీ చూడాలి.

మన ఎండకు ఇంజన్ వేడెక్కుతుందని థర్మోస్టాట్ పీకేసే మెకానిక్కులున్నారు. పీకేస్తే నీళ్లలో కొంత రేడియేటరుకు పోకుండా బైపాస్‌లోనే తిరుగుతాయి, ఘాటులో వేడి తగ్గకపోగా పెరగొచ్చు. చలి పొద్దున ఇంజన్ చల్లగానే నడిచి, కాలని డీజిలు లైనర్ గోడ ఆయిలును కడిగేస్తుంది. కొత్తది వేయండి. రేడియేటరులో బోరుబావి నీళ్లు పోస్తే బ్లాకు లోపల సున్నం కడుతుంది, కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో సగం సగం కలపాలి. గ్రానైటు క్వారీలకు తిరిగే బండ్లయితే ఎయిర్ ఫిల్టరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం, క్లిప్పులు కూడా కొత్తవే వేయాలి. ఆ గొట్టంలో చిన్న చీలిక చాలు, రాతి పొడి నేరుగా పై రింగు మీదికి పోతుంది.

కొట్లో బిల్లు తీసుకునేటప్పుడు దాని మీద డబ్బా బ్యాచ్ నంబరు రాయించుకోండి. లైనర్లు షాపుకు ఇచ్చే ముందే ఆరింటినీ గుడ్డతో తుడిచి, లైటు పట్టి చూసి, ఇనప పలకతో మెల్లగా తట్టండి. గణగణమంటే మంచిది, బొంగురుగా మోగితే అక్కడికక్కడే మార్పించుకోండి. ఒకసారి ప్రెస్సు కింద పెట్టాక ఏ కొట్టువాడూ వెనక్కి తీసుకోడు.