మిలిటరీ థ్రిల్లర్ కొంటున్నారా? ఆ స్టార్లు ఏ పుస్తకానివో ముందు చూడండి

కౌంటర్ టెర్రరిజం నవలలు ఇష్టంగా చదివేవాళ్లందరికీ ఒక హెచ్చరిక. ఈ మధ్య ఆన్‌లైన్‌లో కొన్న ఒక నవల వల్ల నాకు డబ్బూ పోయింది, సమయమూ పోయింది. పుస్తకం బాగాలేకపోవడం ఒక్కటే అయితే ఈ పోస్టు రాయాల్సిన పని ఉండేది కాదు. నచ్చని పుస్తకాలు అందరికీ తగులుతూనే ఉంటాయి. ఇక్కడ జరిగింది వేరు. పాఠకుల అభిప్రాయాలంటూ చూపించినవి చాలావరకు ఆ పుస్తకం గురించినవే కావు. అట్ట మీద చెప్పింది లోపల లేదు. కథ సగంలోనే ఆగిపోయింది.

నవల పేరు చెప్పడం లేదు. ఇదే పద్ధతిలో అమ్ముతున్న పుస్తకాలు చాలా కనిపిస్తున్నాయి కాబట్టి ఒక్క పేరు చెబితే మిగతావి మంచివని అనుకునే ప్రమాదం ఉంది. గుర్తుపట్టడానికి ఆనవాళ్లు మాత్రం చెబుతాను.

ముందు రేటింగ్ సంగతి. నాలుగున్నర స్టార్ల పైనే ఉంది, అభిప్రాయాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. పుస్తకం పూర్తయ్యాక అవే అభిప్రాయాలను తీరిగ్గా మళ్లీ చదివాను. జలాంతర్గామిని వెంటాడే ఘట్టం అద్భుతమని ఒకరు రాశారు. ఈ నవలలో ఎక్కడా సముద్రమే లేదు. కథానాయకుడి కూతురి పాత్ర కంటతడి పెట్టించిందని ఇంకొకరు రాశారు. ఇందులో కథానాయకుడికి పెళ్లే కాలేదు. తేదీలు చూస్తే చాలా అభిప్రాయాలు ఈ పుస్తకం రావడానికి కొన్నేళ్ల ముందువి! విడుదలకు ముందు కొందరికి ఉచితంగా కాపీలు పంపి అభిప్రాయం రాయించుకోవడం ప్రచురణ రంగంలో మామూలే. ఆ సంగతి అందులో చెబితే తప్పేమీ లేదు. కానీ కొన్నేళ్ల ముందే ఎవరూ కాపీలు పంపరు కదా.

బాగా అమ్ముడైన పాత నవల పేజీకి కొత్త నవలను ఇంకో ఎడిషన్ అన్నట్టు తగిలించారు. దాంతో పాత పుస్తకం సంపాదించుకున్న స్టార్లన్నీ దీనికి వచ్చేశాయి. ఇది పుస్తకాలకే పరిమితమైన మోసం కాదు. అమెరికాలో వినియోగదారుల మోసాలను చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఇలాంటి పని చేసినందుకే ఒక విటమిన్ల కంపెనీ చేత 6 లక్షల డాలర్లు కట్టించింది. కాబట్టి రేటింగ్ చూడగానే సంబరపడకండి. అభిప్రాయాలను తేదీల వారీగా పెట్టుకుని, కొత్తవాటిలో పాత్రల పేర్లు ఈ కథవేనా కాదా చూడండి. నేను కొన్న నవల విషయంలో నిజంగా ఈ పుస్తకం చదివి రాసినవాళ్ల మాటలు వేరుగా తీసి చూస్తే, అందులో సగం మంది అసంతృప్తితో ఉన్నారు.

ఇక అట్ట. 'మాజీ స్పెషల్ ఫోర్సెస్ అధికారి రాసిన నిజ ఘటనల ఆధారిత నవల' అని పెద్ద అక్షరాల్లో ఉంది. 'ఇంతవరకూ బయటపడని రహస్యాలు' అని దాని కింద ఇంకో లైను. రచయిత పరిచయం చూస్తే ఏ దళంలో, ఏ కాలంలో పనిచేశారో ఒక్క ముక్క లేదు. ఈ 'రహస్యాలు' అనే మాట దగ్గరే అనుమానం రావాలి. అమెరికా రక్షణ శాఖలో పనిచేసినవాళ్లు సైనిక విషయాలు రాస్తే, అది నవల అయినా సరే, అచ్చుకు ముందు పరిశీలనకు పంపాలి. రహస్యమైనవి ఉంటే అక్కడే తీసేయమంటారు. నిజంగా లోపలి మనిషి రాసిన పుస్తకం రహస్యాలు చెబుతానని ఊరించదు. ఆ మనిషికి తెలిసిన తీరు చిన్న చిన్న వివరాల్లో దానంతటదే బయటపడుతుంది.

ఈ నవలలో వివరాలు తప్పుతున్నాయి. ఇందులో సైలెన్సర్ బిగించిన తుపాకీ పేలితే పక్క గదిలో ఉన్న కాపలావాడికి వినపడదు. అసలు తుపాకీ చప్పుడు సుమారు 160 డెసిబెల్స్ ఉంటుంది, సైలెన్సర్ అందులో 20 నుంచి 35 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది. మిగిలిన చప్పుడు కూడా పెద్దదే. మామూలు గ్లాక్ పిస్తోలుకు బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదు, ఇందులో కథానాయకుడు ప్రతి అధ్యాయంలోనూ ఆ మీట నొక్కుతూనే ఉంటాడు. కిటికీ అద్దం గుండా థర్మల్ కెమెరాతో గదిలో మనుషుల్ని లెక్కపెడతారు. ఆ కెమెరాకు మామూలు అద్దం గోడలాంటిదే, అవతలి వేడి దానికి కనపడదు.

తుపాకుల తప్పులు క్షమించవచ్చు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అసలు ఆపరేషన్. ఒక రాయబార కార్యాలయంలో బందీలు, బయట ఒక దళం. ఇంత బలమైన సన్నివేశం చేతిలో పెట్టుకుని రచయిత రాసిందేమిటంటే, ఐదుగురు వీరులు రిహార్సల్ లేకుండా, భవనం ప్లాన్ చూడకుండా లోపలికి దూకుతారు. ఎవరికీ గీత కూడా పడదు.

చరిత్రలో ఇలాంటిది ఎలా జరిగిందో చూడండి. 1980 ఏప్రిల్ 30న లండన్‌లో ఇరాన్ రాయబార కార్యాలయాన్ని ఆరుగురు సాయుధులు పట్టుకున్నారు, 26 మంది బందీలయ్యారు. ఆరో రోజు దాకా బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్.ఏ.ఎస్. ఎదురుచూసింది. గోడల్లో మైకులు పెట్టడానికి రంధ్రాలు వేస్తుంటే ఆ చప్పుడు లోపలికి వినపడకుండా విమానాలను తక్కువ ఎత్తులో పోనిచ్చారు. భవనం గురించి, కింది అంతస్తుల కిటికీలకు దెబ్బ తట్టుకునే అద్దాలున్న సంగతి గురించి అక్కడి కేర్‌టేకర్‌ను అడిగి తెలుసుకున్నారు. అంత సిద్ధపడ్డాక కూడా మే 5న దాడి మొదలైనప్పుడు తాడు దిగుతున్న ఒకతను చిక్కుకుపోయాడు, కింద మంటలకు కాళ్లు కాలాయి. చరిత్రలో ఉన్న ఈ టెన్షన్‌లో పదో వంతు కూడా ఈ నవలలో లేదు.

అదే ఏడాది ఏప్రిల్ 24న ఇరాన్ రాజధాని టెహరాన్‌లో బందీలైన తనవాళ్లను విడిపించడానికి అమెరికా ఎనిమిది హెలికాప్టర్లు పంపింది. పని జరగాలంటే కనీసం ఆరు కావాలి. దుమ్ము, యాంత్రిక లోపాల వల్ల చివరికి ఐదే మిగిలాయి. పని రద్దు చేసుకుని తిరుగు ప్రయాణమవుతుంటే ఒక హెలికాప్టర్ విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. 2011 మే 2న పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ ఇంటి మీద అమెరికా దాడి చేసినప్పుడు కూడా ఒక హెలికాప్టర్ కూలింది. శిక్షణ కోసం కట్టిన నమూనాలో ప్రహరీ బదులు తీగ కంచె పెట్టారు. అసలు చోట ఉన్న నిండు గోడ మధ్య గాలి చిక్కుకుని హెలికాప్టర్ పట్టు తప్పిందని తర్వాత చెప్పారు. ఈ రంగంలో గెలుపూ ఓటమీ ఇలాంటి చోటే తేలుతాయి: దుమ్ములో, తాడులో, గోడలో. ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ దొరకడానికి అతని కబురు మోసే మనిషిని వెతకడానికే ఏళ్లు పట్టింది. కౌంటర్ టెర్రరిజం అంటే ఎక్కువ భాగం ఆ ఓపికే. ఈ నవలలో నిఘా పని ఒక్క ఫోన్ కాల్‌తో ముగుస్తుంది.

శత్రువుల పాత్రలూ అంతే. వాళ్లకు కోపం తప్ప కారణం లేదు, కొందరికి పేరు కూడా లేదు.

ఇవన్నీ కొత్త అభిప్రాయాల్లో ఒకరిద్దరు ఓపిగ్గా రాశారు. వాళ్ల కింద వచ్చిన జవాబులు చూస్తే మనసుకు కష్టం వేసింది. 'ఇది కథేగా, పాఠ్యపుస్తకం కాదుగా' అన్నారు. కథకు స్వేచ్ఛ ఉంటుంది, ఒప్పుకుంటాను. రచయిత అంతా కల్పితమని చెప్పి రాస్తే నేనూ ఆ కళ్లతోనే చదివేదాన్ని. కానీ ఈ పుస్తకం అమ్మిందే 'నిజం' అనే మాట మీద. ఆ మాట చెప్పి డబ్బు తీసుకున్నప్పుడు అడిగే హక్కు పాఠకులకు ఉంది. సైనికుల మీద గౌరవంతో కొందరు ఐదు స్టార్లు ఇస్తున్నారు. ఆ గౌరవం నాకూ ఉంది. అది సైనికులకు చెందాలి, వాళ్ల పేరు వాడుకుని అశ్రద్ధగా రాసిన పుస్తకానికి కాదు. అలాగే ప్యాకెట్ చిరిగి వచ్చిందని, రచయిత రాజకీయాలు నచ్చలేదని ఇచ్చిన ఒక్క స్టార్లు కూడా కొనేవాళ్లకు పనికిరావు. ఈ తరహా నవలలకు మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు రాసింది ముందు చదవండి. ఏది బాగుందో, ఎక్కడ దెబ్బతిందో చెప్పేది ఎక్కువగా వాళ్లే.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ చివర్లో తగిలింది. దళం తలుపు పేల్చడానికి సిద్ధమైన చోట పుస్తకం ఆగిపోయింది. తర్వాతి పేజీలో రెండో భాగం కొనమని ప్రకటన. ఇది మొదటి భాగమే అన్న సంగతి అట్ట మీద లేదు, వివరణలో లేదు. కాపీరైట్ పేజీలో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది. సిరీస్ నవలలతో నాకు పేచీ లేదు. ప్రతి భాగానికి దాని కథ దానికి ముగిస్తే వచ్చే భాగం కోసం సంతోషంగా ఎదురుచూస్తాం. ఇక్కడ ఒకే కథను రెండుగా కోసి రెండుసార్లు అమ్ముతున్నారు. అమ్మకందారుకు రాస్తే, వివరణలో చెప్పిన పుస్తకమే పంపాం కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వలేమని జవాబు వచ్చింది.

ఉచితంగా చూపించే శాంపిల్ మీద కూడా పూర్తిగా ఆధారపడకండి. మొదటి అధ్యాయం చాలా శ్రద్ధగా రాశారు, పోలీసు కుక్కతో సాగే ఆ గాలింపు నిజంగా బాగుంది. ఆ శ్రద్ధ మూడో అధ్యాయానికే తగ్గిపోయింది. శాంపిల్‌లో విషయసూచిక, కాపీరైట్ పేజీ ఉంటే కథకన్నా ముందు అవి చూడండి. పాత పేరు మార్చి మళ్లీ వేసిన నవలలు, భాగాలుగా కోసినవి అక్కడే పట్టుబడతాయి.

ఇప్పటికే ఇలాంటిది కొని ఉంటే, చదవడం మొదలుపెట్టకముందే చివరి పేజీకి వెళ్లి కథ ముగిసిందో లేదో చూడండి. ఈ-బుక్ అయితే వాపసు గడువు చాలా తక్కువ ఉంటుంది, అది దాటకముందే అడగండి. వేరే పుస్తకం అభిప్రాయాలు కలిపేశారని తేలితే వాటిలో రెండు మూడింటిని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి. ఉత్త మాటగా రాసిన నా మొదటి ఫిర్యాదును పట్టించుకోలేదు. జలాంతర్గామి అభిప్రాయాన్ని జతచేసి పంపాకే పరిశీలిస్తామన్నారు.