కెఫ్ ఎల్ఎస్50 నుంచి మెటా దాకా, ఏళ్ల తరబడి విన్నాక

మా కొండాపూర్ ఫ్లాట్‌లో కెఫ్ కంపెనీ పాత ఎల్ఎస్50 స్పీకర్ల జత చాలా ఏళ్లు మోగింది, తర్వాత దాని కొత్త మోడల్ ఎల్ఎస్50 మెటా తెచ్చుకున్నా, పాత జత ఇప్పుడు తమ్ముడి రూమ్‌లో ఉంది కాబట్టి రెండిటినీ ఒకే యాంప్‌కి (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) తగిలించి మార్చి మార్చి వింటుంటాం. బయట నుంచి చూస్తే పెద్ద తేడా ఏం లేదు, అదే వంపు తిరిగిన ముందు భాగం, అదే ఐదుంపావు అంగుళాల వూఫర్ కోను (కింది సౌండ్లు మోగించేది), దాని నడుమ ట్వీటర్ (పై సౌండ్లు మోగించే చిన్నది).

ఆ నడుమ పెట్టడమే అసలు విషయం. కెఫ్ వాళ్లు 1988లోనే యూని-క్యూ పేరుతో ఇది మొదలుపెట్టిన్రు. మామూలు మ్యాగ్నెట్ పెడితే ట్వీటర్ సైజు పెరిగి వూఫర్ లోపల పట్టదు, చిన్నగున్నా బలమైన నియోడిమియం మ్యాగ్నెట్ వచ్చాక చిన్నగా చేసి మధ్యల కూర్చోబెట్టిన్రు. పై సౌండూ కింది సౌండూ ఒకే చోట నుంచి వస్తయి కాబట్టి సోఫా చివర కూర్చున్నోళ్లకి కూడా పాట సరిగ్గనే వినపడతది. బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్‌లో (స్టూడియో స్పీకర్) ఉన్నవి కూడా కెఫ్ డ్రైవర్లే (సౌండు మోగించే భాగాలు), బి110 వూఫర్, టి27 ట్వీటర్, ఆ వంశం పిల్లే 2012లో కంపెనీ 50 ఏళ్ల పేరు మీద వచ్చిన ఎల్ఎస్50.

2020లో మెటాకి వచ్చేసరికి మార్పంతా కంటికి కనపడని చోటే. ట్వీటర్ డోమ్ (కదిలే గుండ్రటి పొర) ముందుకే కాదు వెనక్కి కూడా మోగుతది కదా, ఆ వెనక సౌండు తిరిగొచ్చి ముందుదాన్ని పాడు చేస్తది. అందుకని వెనకాల ఒక బిళ్ల పెట్టిన్రు, దాంట్లో మెలికలు తిరిగిన సందులు, ఒక్కో సందు పొడవు ఒక్కో ఫ్రీక్వెన్సీని మింగేటట్టు, కంపెనీ లెక్కన 99 శాతం మింగేస్తదంట. నా చెవికి తెలిసింది ఏందంటే, బాలమురళీకృష్ణ గారి కచేరీ పెడితే మృదంగం మీద చాపు పడ్డాక ఆ నాదం ఎంతసేపు సాగి ఎక్కడ ఆగిందో పట్టుకోవచ్చు, వయొలిన్ పై స్థాయికి పోయినా వాల్యూమ్ తగ్గించాలనిపించదు. అయితే ఇది పక్కపక్కన పెట్టి వింటే తెలిసే తేడా, కొత్త స్పీకర్ అన్నంత కాదు.

బేస్ మాత్రం రెండిట్లో ఒకటే, కంపెనీ లెక్కన కిందికి 79 హెర్ట్జ్ దాకే, అంతకన్నా లోతైన సౌండు తగ్గిపోతది. తీన్మార్ డప్పు ఛాతీకి తగలాలంటే సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే వేరే స్పీకర్) పెట్టాల్సిందే, వేరే దారి లేదు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతదో ఆ లెక్క, అది కూడా 85 డెసిబెల్సే, చిన్న యాంప్ పెడితే మెతకగా పాడతది.

నిజం చెప్పాలంటే మెటా కన్నా మందపాటి కర్టెన్లు, కార్పెట్టే మా హాల్‌ని ఎక్కువ మార్చినయ్, టైల్స్ మీద చప్పట్లు కొడితే ఖంగుమనేది అంతకు ముందు. స్టాండ్లు బాలానగర్‌లో వెల్డింగ్ చేయించి లోపల ఇసుక పోయించిన, మస్తు కుదిరినయ్. పాత ఎల్ఎస్50 ఉన్నోళ్లు మెటా కోసం తొందర పడొద్దు, కొత్తగా కొనేటోళ్లు మాత్రం సూటిగా మెటానే తీసుకోండి. ఇంకోటి, మన దగ్గర కన్‌స్ట్రక్షన్ దుమ్ము తెలిసిందే, కోను మీద బట్ట పెట్టి రుద్దొద్దు, పెయింటింగ్ వేసే మెత్తటి బ్రష్‌తో దులపండి చాలు.