ముగ్గుపిండి కనబడని గాలిమీటరు

మా అత్తగారికి డెబ్భై రెండేళ్లు, ఉబ్బసం. విశాఖ పాతనగరంలో మేడమీద గదిలో ఉంటారు. సంక్రాంతికి ముందు ఆవిడ కోసమని ఆన్‌లైన్‌లో 4,300 రూపాయలు పెట్టి అరచేతిలో పట్టే గాలిమీటరు కొన్నాను. తీసుకెళ్లి పిట్టగోడ మీద పెడితే పీఎం 2.5 దగ్గర 37, పీఎం 10 దగ్గర 41 చూపించి, పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. పీఎం 2.5 అంటే గాలిలో రెండున్నర మైక్రాన్ల లోపు రేణువులు, పీఎం 10 అంటే పది మైక్రాన్ల లోపువి. మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంకెలు ఘనమీటరుకి మైక్రోగ్రాముల్లో. అదే పిట్టగోడ మీద వేలు రాస్తే నల్లగా అంటుకుంది. అత్తగారు నా వేలు చూశారు, మీటరు చూశారు. "నీ డబ్బా గాలి బాగున్నాదంటంది గానీ నా రొమ్ము ఒప్పుకోట్లేదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లుగా అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. తూకం మీద నమ్మకం లేకపోతే మా దగ్గర ఏ ప్రయోగమూ మొదలుపెట్టరు. గాలిమీటరుకి మాత్రం ఆ నియమం ఎందుకు వర్తించకూడదు? మా ప్రిన్సిపాల్ మేడమ్ అనుమతి తీసుకుని, సాయంత్రాలు ల్యాబ్ ఖాళీ అయ్యాక మూడు వారాలు దీన్ని పరీక్షించాను. కంపెనీ పేరు రాయడం లేదు. లోపల అదే సెన్సర్ పెట్టి పైన రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, కాబట్టి ఈ పేరు ఒక్కటే తెలుసుకుంటే మీకు ఉపయోగం లేదు.

కొన్న వస్తువుగా చూస్తే పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఛార్జింగు నాలుగు గంటలు ఆగుతుంది, స్క్రీన్ ఎండలో సరిగా కనబడదు, ఫ్యాన్ చప్పుడు రాత్రి పూట మాత్రమే తెలుస్తుంది.

పరీక్షకి మా అబ్బాయి వాడడం మానేసిన రెండడుగుల చేపలతొట్టి తీసుకున్నాను. సుమారు 54 లీటర్ల గాలి పడుతుంది. లోపల పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, పైన గాజుపలక, అంచుల చుట్టూ టేపు. ఇదే మోడల్ మీటర్లు ఫిజిక్స్ మాస్టారి దగ్గర ఒకటి, మా పక్కింటివాళ్ల దగ్గర ఒకటి ఉంటే అడిగి తెచ్చాను. మూడు ఉండాలన్నది నా సొంత ఆలోచన కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా గాలి నియంత్రణ సంస్థ 2014లో ఇలాంటి చౌక సెన్సర్లను పరీక్షించడానికే ఏక్యూ-స్పెక్ అని ఒక కేంద్రం పెట్టింది. వాళ్లు ఒక్కో మోడల్‌వి మూడు మీటర్లు తీసుకుని, దాదాపు రెండు నెలలు ప్రామాణిక యంత్రాల పక్కన ఆరుబయట ఉంచుతారు. ఆ తర్వాత వేడినీ తేమనీ తమ అదుపులో ఉంచుకోగల గదిలో పెట్టి చూస్తారు. ఫలితాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒకే గాలికి మూడు మీటర్లు మూడు మాటలు చెబితే ఇక మిగతా పరీక్షలు అనవసరం.

ముందు సున్నా పరీక్ష. అక్వేరియం పంపుకి దూది దట్టంగా కూరిన గొట్టం తగిలించి శుభ్రమైన గాలి పంపితే రెండు గంటల్లో మూడూ 0, 1 దగ్గరికి దిగాయి. తర్వాత అగరుబత్తి కొస వెలిగించి అర నిమిషం లోపల ఉంచి తీసేశాను. పది నిమిషాలకి పీఎం 2.5 అంకె నాది 305, మాస్టారిది 318, పక్కింటివాళ్లది 362. పొగ పలచబడుతుంటే మూడూ వరస తప్పకుండా దిగాయి. పక్కింటివాళ్లది మొదటినుంచీ చివరిదాకా ఎక్కువే చూపించింది, కానీ 30 కిందికి వచ్చేసరికి తేడా మూడు నాలుగుకి మించలేదు. ఇంత తక్కువ ధర వస్తువు నుంచి ఇంత నిలకడ నేను ఊహించలేదు. పొగ విషయంలో దీనికి మనస్ఫూర్తిగా మంచి మార్కులు వేస్తాను.

తర్వాత ముగ్గుపిండి. పండగకి తెచ్చిన రాతి ముగ్గుపిండిని పలచటి వాయిల్ గుడ్డలో జల్లించి, ఆ మెత్తటి పొడిని రబ్బరు బల్బుతో తొట్టిలోకి ఊదాను. లైట్లు ఆర్పి టార్చి వేస్తే తొట్టి నిండా తెల్లటి మంచు కదులుతోంది. వ్యాజలీన్ రాసిన గాజుపలకని లోపల ఉంచి తీసి మైక్రోస్కోపు కింద చూశాను. ఐదు మైక్రాన్లవి, పది మైక్రాన్లవి, రాళ్లలా కోణాలు తేలిన రేణువులు. పీఎం 10 లెక్కలోకి రావాల్సినవి సరిగ్గా ఇవే. మీటరు చూస్తే పీఎం 2.5 దగ్గర 17, పీఎం 10 దగ్గర 19!

అప్పుడు నోటుబుక్కులో వెనక్కి వెళ్లి భాగహారాలు చేశాను. అగరుబత్తికి పీఎం 10 అంకె 341, దాన్ని 305తో భాగిస్తే 1.12. ముగ్గుపిండికి 19ని 17తో భాగిస్తే 1.12. అత్తగారి మేడమీద 41ని 37తో భాగిస్తే 1.11. పొగలో పెద్ద రేణువులు దాదాపు ఉండవు, ముగ్గుపిండిలో ఉన్నవన్నీ పెద్దవే. రెండింటికీ ఒకే నిష్పత్తి ఎలా వస్తుంది? ఈ మీటరు పీఎం 10ని కొలవడమే లేదు, చిన్న రేణువుల లెక్కకి పైన కాస్త కలిపి చూపిస్తోంది. లోపల ఉన్నది లేజరు కాంతి. ఫ్యాన్ లాక్కున్న గాలిలో రేణువుల మీద పడి చెదిరిన వెలుగుని ఒక చిన్న కాంతిగ్రాహకం పట్టి, దాన్నుంచి బరువు అంచనా వేస్తుంది. పెద్ద రేణువులు ఆ మలుపుల దారిలో సరిగా లోపలికి చేరవు, చేరినవి లెక్కలోకి రావు. పైగా నల్లటి పొడి కాంతిని చెదరగొట్టే బదులు చాలా భాగం మింగేస్తుంది. పిట్టగోడ మీద నేను తుడిచింది పెద్దదీ, నల్లదీ కూడా. ఆకుపచ్చ చుక్క ఎందుకు వెలిగిందో నాకు ఆ రాత్రి అర్థమైంది. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు పీఎం 10కి ఘనమీటరుకి 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5కి 60. మా అత్తగారి గాలి ఆ 100కి లోపల ఉందో పైన ఉందో చెప్పే శక్తి ఈ డబ్బాకి లేదు.

ఇదే మీటరు చూపించే కార్బన్ డయాక్సైడ్ అంకె గురించి రాయాలంటే నాకు కోపం వస్తుంది. స్పిరిట్ తడిపిన దూది దగ్గరగా చూపిస్తే పదిలక్షల భాగాలకి 412 నుంచి క్షణాల్లో 4,870కి ఎగిరింది. స్పిరిట్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కడుంది? తర్వాత తొట్టిలో బీకరు పెట్టి 10 గ్రాముల వంటసోడా, సరిపడా నిమ్మఉప్పు, నీళ్లు కలిపాను. వెనిగర్ వాడలేదు, ఆ వాసనకే సెన్సర్ మోసపోవచ్చు. అంత సోడా పూర్తిగా కలిస్తే దాదాపు మూడు లీటర్ల వాయువు వస్తుంది, అంటే ఆ తొట్టిలో పదిలక్షల భాగాలకి 50,000 దాకా. లోపల పెట్టిన సున్నపుతేట పాలలా తెల్లబడింది, అంటే వాయువు వచ్చినట్టే. మీటరు 430 దగ్గరే ఉంది. లోపల ఉన్నది వాసనలకి స్పందించే లోహపు ఆక్సైడు ముక్క, అది ఊహించి చెప్పే సంఖ్యనే పెట్టె మీద కార్బన్ డయాక్సైడ్ అని అచ్చువేశారు. నిజంగా కొలిచేవి ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తాయి. మూసిన ఏసీ గదిలో పిల్లలు చదువుకుంటున్నారని ఈ అంకె చూసి ధైర్యంగా ఉండే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

తేమ సంగతి సముద్రం పక్కన ఉండేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. నాలుగు రోజులు తెల్లవారుజామున రామ్‌నగర్‌లో గాలి నాణ్యత నిరంతర పర్యవేక్షణ కేంద్రం దగ్గర రోడ్డు మీద నిలబడి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గంటగంటకీ పెట్టే అంకెలతో పోల్చాను. మంచు పట్టిన వేళ నా మీటరు దాదాపు రెట్టింపు చూపించింది, పదకొండయ్యేసరికి రెండూ దగ్గరికొచ్చాయి. తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు నీరు తాగి ఉబ్బుతుంది, లేజరుకి అది పెద్ద రేణువులా కనబడుతుంది. ప్రామాణిక యంత్రాలు గాలిని వేడిచేసి ఆ తడిని ఆరబెట్టి కొలుస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈ తరహా లేజరు సెన్సర్లకి వాడే సవరణలో ముడి అంకెని 0.524తో గుణించి, తేమకి తగ్గట్టు కొంత తీసి, 5.75 కలుపుతారు. అది వాళ్ల గాలికి కట్టిన లెక్క, మన గాలికి అలాగే అంటించకండి. కానీ తేమని లెక్కలోకి తీసుకోని అంకెని నమ్మకూడదని అది చెబుతోంది.

ఇంకొకటి. ఈ మీటరులో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, అమెరికా కొలత ప్రకారం ఉంటుంది. పీఎం 2.5 ఘనమీటరుకి 60 ఉంటే మన కొలతలో ఏక్యూఐ 100, వాళ్ల కొలతలో 150 దాటుతుంది. మన కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్ పక్కన పెట్టుకుని కంగారు పడకండి, మైక్రోగ్రాముల అంకెలనే పోల్చుకోండి.

కంపెనీకి మెయిల్ రాసి, ఏ ల్యాబ్‌లో ఏ యంత్రంతో పోల్చి సరిచూశారో ఆ కాగితం పంపమని అడిగాను. "ప్రతి యూనిట్ ఫ్యాక్టరీలో కాలిబ్రేట్ అవుతుంది మేడమ్" అని ఒక వాక్యం, ప్రకటన బొమ్మ ఒకటి వచ్చాయి. మళ్లీ రాశాను, జవాబు లేదు. అడగడం మానను. మీరూ కొనేముందు అడగండి. ఎక్కువమంది అడిగితేనే ఆ కాగితం బయటికొస్తుంది.

పొగకి 5లో 4, దుమ్ముకి 1, కార్బన్ డయాక్సైడ్‌కి సున్నా. వెనక్కి పంపలేదు. వంటింట్లో పెట్టుకున్నాను, పోపు మాడినా, పక్క వీధిలో చెత్త తగలబెట్టినా కిటికీ ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో సరిగ్గా చెబుతోంది. పీఎం 10 మీదా, కార్బన్ డయాక్సైడ్ మీదా తెల్ల టేపు అంటించాను, ఇంట్లో ఎవరూ పొరపాటున చదవకుండా.

మేడమీద దుమ్ముకి వేరే దారి చూశాను. తొట్టిలో పొడిని తూచడం మా వల్ల కాదు. ఘనమీటరుకి 1,000 మైక్రోగ్రాములు ఉన్నా ఆ 54 లీటర్లలో ఉండేది 0.05 మిల్లీగ్రాముకి కాస్త ఎక్కువ, మా త్రాసు 0.1కి తక్కువ చూడలేదు. కానీ వారం రోజులు రాలేది తూచగలం. ఖాళీ పెట్రీ డిష్ (ల్యాబ్‌లో వాడే చదునైన చిన్న పళ్లెం) తూచి, పిట్టగోడ మీద వల కప్పి పెట్టాను. గాలిలో ఎంత ఉందో అది చెప్పదు, ఎంత రాలుతోందో చెబుతుంది. రోజూ సాయంత్రం అత్తగారు ఫోన్ చేసి డిష్ అడుగుభాగం ఎంత నల్లబడిందో చెబుతున్నారు. నిన్నటికి ఐదు రోజులు. ఆదివారం వెళ్లి తెచ్చి, ఓవెన్‌లో ఆరబెట్టి సోమవారం తూస్తాను.