వియన్నాలో మొజార్ట్ విగ్గు వాడికి 177 యూరోలు సమర్పించుకున్నాం

వియన్నా వెళ్తే స్టీఫెన్స్ చర్చి ముందర ఎర్ర కోటు, తెల్ల విగ్గు వేసుకుని మొజార్ట్ (పాతకాలపు సంగీత విద్వాంసుడు) వేషంలో కుర్రాళ్ళు నించుని ఉంటారు, వాళ్ళు నవ్వితే తిరిగి నవ్వకండి. మేం నవ్వాం. "ఇండియానా? నమస్తే!" అంటూ వాళ్ళలో ఒకడు ఫైల్ తీసి బంగారు రంగు హాలు ఫోటో చూపించాడు, అందులో కచేరీకి సీటు 89 అట, మనకి మాత్రం 59 కే ఇస్తాట్ట. మా మామగారు ఏటా తిరువయ్యూరు వెళ్ళే మనిషి, ఆయన మొహం వెలిగేసరికి ఇంకేం ఆలోచించకుండా కార్డు గీకేశా. ముగ్గురికి 177 యూరోలు, మన లెక్కలో దగ్గర దగ్గర పదహారు వేలు.

తీరా సాయంత్రం వెళ్తే అది ఫోటోలో హాలు కాదు, ఏదో పాత బిల్డింగ్ మేడ మీద గది, పెళ్ళి భోజనాల దగ్గర వేసే లాంటి కుర్చీలు, మాది స్తంభం వెనకాల. వాయించడం బాగానే వాయించారు పాపం, కానీ అన్నీ ఫోన్ రింగ్‌టోన్లలో విన్న ముక్కలే, ఇంటర్వెల్ తో కలిపి గంటంబావులో చుట్టేశారు. టికెట్ మీద అసలు హాలు పేరు చిన్న అక్షరాల్లో ఉందిలెండి, చదవంది నేనే. మా ఆవిడ హోటల్ దాకా నోరు విప్పలేదు. మామగారు "పర్లేదులే బాబూ, కూర్చోడానికి కుర్చీ అయినా ఇచ్చాడు" అన్నారు, అది ఇంకా గుచ్చుకుంది.

మర్నాడు కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం, టికెట్ కి 21 యూరోలు తీసుకున్నారు, ఒక్క బ్రూగెల్ అనే చిత్రకారుడి బొమ్మల గదికే ఆ డబ్బు చెల్లిపోయింది. 1563 లో ఆయన వేసిన బేబెల్ టవర్ (బైబిల్ కథలో పూర్తికాని గోపురం) బొమ్మ ముందు మామగారు (ఇరిగేషన్ లో ఇంజనీరుగా రిటైరయ్యారు) ముప్పావుగంట కదల్లేదు, క్రేన్లు, రాళ్ళు చెక్కేవాళ్ళు, ఇటికల మోతలు అన్నీ లెక్కపెట్టి "కింద అంతస్తులు పూర్తి కాకుండానే పైన ఎత్తేస్తున్నాడయ్యా, కాంట్రాక్టరెవడో" అన్నారు. గురువారం వెళ్ళండి, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. బెల్వెడెరే మ్యూజియంలో క్లిమ్ట్ వేసిన 'ముద్దు' అనే చిత్రం ముందు మాత్రం ఫోన్లే కనపడ్డాయి.

తిండి సంగతి, మామగారు గుడ్డు దాకా తింటారు కాబట్టి ష్నిట్జెల్ (మాంసం వేపుడు) మా ఇద్దరికే. ఆయనకి కైజర్‌ష్మార్న్ దొరికింది, మందపాటి తీపి అట్టుని ముక్కలుగా చింపి పంచదార పొడి చల్లి రేగుపళ్ళలాంటి ప్లమ్స్ తో ఇస్తారు, మూడు రోజులూ అదే. నీళ్ళ సీసాలు కొనకండి, కుళాయిలో వచ్చేవి కొండ ఊట నీళ్ళే, 1873 నుంచీ అంతే.

ఆఖరి రోజు మా ఆవిడే కనుక్కుంది, స్టేట్ ఒపేరాలో (సంగీత నాటకాలు ఆడే థియేటర్) నించుని చూసే టికెట్లుంటాయి, ధర మేం ఆ విగ్గు వాడికిచ్చిన దాంట్లో మూడో వంతు కూడా కాదు. రెయిలింగ్ కి స్కార్ఫ్ కట్టేస్తే ఆ జాగా మనదే, అచ్చం మన ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు! ఇంటర్వెల్ లో కాసేపు కూర్చుందాం రండి అంటే మామగారు కమ్మీ వదల్లేదు. "స్కార్ఫ్ ఉంది కదా మావయ్యా" అన్నా. "కర్చీఫులు తీసి పారేసిన వాళ్ళని ఎంతమందిని చూశాను" అన్నారు.