మిక్సీ నాబ్‌కు ముఖం ఉండాలి: పద్దెనిమిదేళ్ల వాడకం తర్వాత

మిక్సీ సమీక్షలన్నీ మోటారు ఎన్ని వాట్లు, జార్లు ఎన్ని, బ్లేడు ఎంత పదును అన్నదాని చుట్టూ తిరుగుతాయి. నాబ్ ఊసు ఎవరూ ఎత్తరు. రోజుకు నాలుగైదు సార్లు చెయ్యి పడేది మాత్రం దాని మీదే. మా వంటింటి గట్టు మీద 2007లో కొన్న 500 వాట్ల మిక్సీ, 2022లో కొన్న 750 వాట్ల మిక్సీ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఎక్కువగా తిప్పేది అమ్మ, అమ్మ ఊరెళ్లినప్పుడు నేను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ మంచిచెడ్డలు ఏ ఒక్కరి సొత్తూ కావు.

పాత మిక్సీ నాబ్ నల్లటిది. గుండ్రటి బిళ్ల మీద అడ్డంగా ఒక గట్టు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇమిడేంత మందంతో ఉంటుంది. ఆ గట్టుకు ఒక కొస మొద్దు, రెండో కొస కోసు. కోసు పైకి ఉంటే సున్నా. కుడికి తిప్పితే 1, 2, 3. ఎడమకు తిప్పితే పల్స్: పట్టుకున్నంతసేపే తిరుగుతుంది, వదలగానే స్ప్రింగు దాన్ని సున్నాకు లాగేస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర టక్కుమని ఆగుతుంది. ఆ టక్కు చెవికి వినబడడం కంటే ముందే వేలికి తెలుస్తుంది. మిక్సీ మోతలో చెవి ఎలాగూ పనికిరాదు కాబట్టి వేలికి తెలియడమే ముఖ్యం.

2018 నాటికి అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ అయ్యేదాకా ఏడాదిన్నర పాటు డబ్బాల మీద పేర్లు చదవలేక వాసన చూసి పోపు వేసింది. ఆ ఏడాదిన్నరలో మిక్సీ దగ్గర ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. కోసు ఎటు ఉందో బొటనవేలితో తడిమి చూసుకునేది, అంతే. ఆ నాబ్ విలువ నాకు అప్పుడు పట్టలేదు. కొత్త మిక్సీ వచ్చాక పట్టింది.

ముందు పల్స్ గురించి చెప్పాలి. పచ్చడి రుచంతా బరకలో ఉంటుంది. గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు, మెంతులు, ఆవాలు పొడిగా పడ్డాక గోంగూర వేసి 2 మీదో 3 మీదో వదిలేస్తే అరనిమిషంలో చట్నీ ముద్దవుతుంది. రోట్లో నూరినట్టు రావాలంటే ఎడమకు ఒక తిప్పు, వదులు, మూత తీసి ఒకసారి కలుపు, మళ్లీ ఒక తిప్పు. ఆరేడు సార్లతో సరిపోతుంది. అంటే ఈ నాబ్ అక్కడ స్విచ్చు పని మానేసి రోకలి పని చేస్తోంది. రోకలికి బరువు ఎంతో, పల్స్‌కు ఆ స్ప్రింగు బిగువు అంత. మరీ గట్టిగా ఉంటే మణికట్టు నొప్పి పుడుతుంది. మరీ వదులుగా ఉంటే వదిలినా సున్నాకు రాదు, మిక్సీ ఆగదు, పచ్చడి పాడవుతుంది. పాత మిక్సీలో ఆ బిగువు దాదాపు పదేళ్ల దాకా చెక్కుచెదరలేదు.

2016లో మాత్రం ఒక చిక్కు వచ్చింది. 1 మీద తిరుగుతుంది, 3 మీద తిరుగుతుంది, 2 మీద పెడితే ఉలుకూ పలుకూ లేదు. మోటారు కాలిందనుకుని బాగుచేసే అతని దగ్గరకు తీసుకెళ్లాను. అడుగు మూత విప్పి చూసి, "మోటారుకు ఏమీ కాలేదు సార్, రోటరీ పోయింది" అన్నాడు. నాబ్ వెనక ఉండే స్విచ్చును వాళ్లు అలాగే పిలుస్తారు. దాన్ని విప్పి బల్ల మీద పరిచాడు. మధ్యలో ప్లాస్టిక్ ఇరుసు, దాని చుట్టూ రేకు పట్టీలు, ఒక స్ప్రింగు, స్ప్రింగు కొసన మిరియపు గింజంత ఉక్కు గుండు. ఇన్నేళ్లూ వేలికి తగిలిన టక్కు ఆ గుండుదే. ఇరుసు తిరుగుతుంటే గుండు ఒక గుంటలోంచి లేచి పక్క గుంటలో పడుతుంది. రెండో మెట్టు పట్టీ కొస మసిబారి, అరిగిపోయి ఉంది.

ఎందుకలా అయిందని అడిగితే, "మెల్లగా తిప్పుతారు కదూ" అన్నాడు. నిజమే, ఆ అలవాటు నాదే. మోటారు మీద దయ చూపుతున్నానని నా ఊహ. అసలు సంగతి వేరు. ఈ మిక్సీలో వేగం మారేది మోటారు ఫీల్డు చుట్టలో, అంటే మోటారులో కదలకుండా ఉండే తీగ చుట్టలో, ఎన్ని చుట్లను కలుపుతున్నామన్నదాని బట్టి. చుట్లు ఎక్కువ కలిస్తే వేగం తక్కువ, తక్కువ కలిస్తే వేగం ఎక్కువ. నాబ్ చేసేదల్లా ఒక తీగను వదిలి ఇంకొకదాన్ని పట్టుకోవడం. తిరుగుతున్న మోటారు కరెంటును మధ్యలో తెంచితే పట్టీల మధ్య నిప్పురవ్వ పుడుతుంది. చటుక్కున దూరం జరిగితే అది వెంటనే ఆరిపోతుంది. మెల్లగా జరిపితే ఆ సందులో నిలబడి లోహాన్ని కాలుస్తుంది. అందుకని నాబ్‌ను తటపటాయించకుండా తిప్పాలి, రెండు మెట్ల మధ్య ఎప్పుడూ ఆపకూడదు. మంచి స్విచ్చయితే ఆపనివ్వదు కూడా. సగం దాకా తెస్తే గుండు తనంతట తాను గుంటలోకి దూకి, మిగతా సగం లాక్కుపోతుంది. దుకాణంలో మిక్సీ చూసేటప్పుడు ప్లగ్గు పెట్టకుండానే దీన్ని పరీక్షించవచ్చు. నాబ్‌ను 1కీ 2కీ మధ్య నిలబెట్టడానికి ప్రయత్నించండి. నిలబడితే ఆ మిక్సీ వద్దు.

స్విచ్చు మార్చాక మరో మూడేళ్లకు నాబే పగిలింది. లోపలి ఇరుసు కొస పూర్తిగా గుండ్రంగా ఉండదు, ఒక పక్క చెక్కినట్టు చదునుగా ఉంటుంది. నాబ్ రంధ్రం కూడా అదే ఆకారంలో ఉంటుంది కాబట్టి జారకుండా తిరుగుతుంది. తిప్పే బలమంతా ఆ చదును అంచు మీదే పడుతుంది గనక ప్లాస్టిక్ నెర్రె విచ్చేది కూడా అక్కడే. లోపల చిన్న ఉక్కు పట్టీ దూర్చిన నాబ్‌లు ఎక్కువ కాలం వస్తాయి. అలాంటిది దొరక్క బజారులో అన్ని మిక్సీలకూ సరిపోతుందన్న నాబ్ ఒకటి తెచ్చాను. సరిపోయింది. బిగువుగానే కూర్చుంది. కానీ దాని చదును, మా పాత నాబ్ చదును ఒకే వైపు లేవు. మిక్సీ ఆగి ఉన్నప్పుడు కోసు 1ని చూపిస్తుంది, 1 మీద తిరుగుతుంటే 2ని చూపిస్తుంది. అమ్మ దానికి రెండు రోజుల్లో అలవాటు పడింది. మా ఇంటికి వచ్చిన పిన్ని మాత్రం ఆపడం కోసమని సున్నా దాకా తిప్పింది. అక్కడ ఉన్నది పల్స్. కొబ్బరి పచ్చడి గోడ మీద ఎంత ఎత్తుకు వెళ్లగలదో ఆ రోజు చూశాం. మర్నాడే ఇంకో నాబ్ వెతికి తెచ్చాను. నాబ్ ఇరుసుకు సరిపోతే చాలదు, అంకెలకు కూడా సరిపోవాలి.

ఇక 2022 మిక్సీ. మోటారుకు వంక పెట్టను, పసుపుకొమ్ములను కూడా పిండి చేస్తుంది. దాని నాబ్ దగ్గరే నాకు పేచీ. వెండి రంగు పూసిన ప్లాస్టిక్, పూర్తిగా గుండ్రం, అంచంతా నున్నన, చుట్టూ వెలిగే నీలిరంగు వలయం. దుకాణంలో అదే నన్ను పడగొట్టింది. ఏ మెట్టు మీద ఉందో చెప్పడానికి నాబ్ మీద సన్నటి తెల్ల గీత ఒకటి అచ్చువేశారు. ఎనిమిది నెలల్లో గీత పోయింది. తడిగుడ్డతో రోజూ తుడిచే వస్తువు మీద గీతను రంగుతో వేసినవారు వంటింట్లో ఎన్నడూ అడుగుపెట్టి ఉండరు. అది గాడిగా చెక్కవలసిన గీత.

గీత పోయాక అమ్మ మొదటిసారి నన్ను పిలిచింది. "దీనికి ముఖం లేదురా, ఎటు చూస్తోందో తెలియడం లేదు" అంది. అప్పటికి అమ్మ కళ్లు బాగానే కనిపిస్తున్నాయి. నూనె చేతులతో, పిండి చేతులతో పట్టుకుంటే వేళ్లు జారిపోవడం ఇంకో బాధ. నున్నటి గుండ్రటి వస్తువును తడిచేత్తో తిప్పాలంటే గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మెట్ల మధ్య దూరం కూడా తగ్గించారు. పాతదానిలో మెట్టుకూ మెట్టుకూ సుమారు 45 డిగ్రీలు, కొత్తదానిలో 30 ఉండవచ్చు. 1 కోసం తిప్పితే 2 దాకా పోయి ఆగుతుంది.

ఫ్యాను రెగ్యులేటర్లలో మాత్రం కాలం మంచి వైపే నడిచింది. మా పాత ఇంట్లో చెక్క బోర్డు మీద నల్లటి పెట్టెలాంటి రెగ్యులేటరు ఉండేది. లోపలంతా నిరోధపు తీగ చుట్ట. చలికాలంలో ఫ్యాను 1 మీద ఉంటే పెట్టె వేడెక్కేది. ఫ్యానుకు తగ్గించిన కరెంటులో కొంత అక్కడ వేడిగా తగలబడుతున్నట్టు. తర్వాత మెట్లు లేకుండా నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రకం వచ్చింది. పెట్టె చిన్నదైంది, వేడి పోయింది, కానీ తక్కువ వేగంలో ఫ్యాను రాత్రంతా తుమ్మెదలా జుయ్యిమనేది. పైగా నిన్న రాత్రి హాయిగా ఉన్న వేగం ఇవాళ మళ్లీ దొరికేది కాదు. ఇప్పుడున్నవి కెపాసిటర్లతో పనిచేసే అయిదు మెట్లవి. వేడీ లేదు, మోతా లేదు. తెల్లవారుజామున చలివేస్తే కళ్లు తెరవకుండా గోడ మీద చెయ్యి వేసి, రెండు టక్కులు వెనక్కి తిప్పి మళ్లీ పడుకోవచ్చు. ఆ బోర్డు మీద మీటలన్నీ పలకల్లా ఒకేలా ఉంటాయి, గుండ్రంగా ఉబ్బి ఉండేది ఇదొక్కటే. చీకట్లో పొరపాటు పడే వీలే లేదు.

ఈ సుఖం కూడా ఎన్నాళ్లో తెలియదు. కరెంటు తక్కువ తాగే కొత్త బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు రిమోటుతో వస్తున్నాయి, గోడ మీది రెగ్యులేటరును తీసేయమంటారు. ముందు గదిలో ఒకటి పెట్టించాం. బిల్లు తగ్గింది. అర్ధరాత్రి దిండ్ల కింద రిమోటు వెతకడం పెరిగింది.

సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ గురించి రెండు ముక్కలు చాలు. బట్టలు ఉతకడానికి ఒక నాబ్, నీళ్లు పిండడానికి ఒక నాబ్, ఎంపికకు ఒకటి, మూడూ కవల పిల్లల్లా ఒకే రూపంలో వరసగా ఉన్నాయి. పదకొండేళ్లయినా నేను ఇప్పటికీ ఒకదాని బదులు ఇంకొకటి తిప్పుతాను. రెండు టైమర్లూ గడియారంలా స్ప్రింగు మీద నడిచేవి, వెనక్కి తిప్పకూడదని పుస్తకంలో రాశారు. నాబ్ మీద ఆ మాట చెప్పే బాణం గుర్తు ఒక్కటీ లేదు.

కొత్త మిక్సీకి అమ్మ వైద్యం తనే చేసింది. చింతపిక్కను నిలువునా రెండుగా చీల్చింది. అష్టాచెమ్మాకు గవ్వలు లేనప్పుడు వాడే పిక్కల్లా, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. మిక్సీ ఆపి, నాబ్‌ను సున్నాలో పెట్టి, పైభాగాన అంచు మీద నన్ను జిగురు పూయమని, చదును వైపు దానికి అతికించింది. రెండేళ్లలో రెండుసార్లు ఊడింది. అలమరలో చిన్న సీసాలో చీల్చిన పిక్కలు ఇంకా నాలుగు ఉన్నాయి.