చుక్కల టెస్ట్ కిట్: కొన్నేళ్లు వాడాక

స్విమ్మింగ్ పూల్ నీళ్లను పరీక్షించే కిట్ అనగానే క్లోరిన్, పీహెచ్ టెస్టుల గురించి అందరూ చెబుతారు. ఈ కిట్‌లో నాకు ప్రాణంగా నచ్చింది మాత్రం అడుగున నల్లచుక్క ఉన్న సన్నటి గొట్టం. మా పూల్ బాగుపడింది దానివల్లే.

మాది చెన్నై నీలాంకరైలో చిన్న పూల్. పైన నీడ లేదు, బోరు నీళ్లు. మెయింటెనెన్స్‌కు వచ్చే అబ్బాయి టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలు వేసి, పసుపు రంగు వచ్చే పాత కిట్‌తో చూసి, "క్లోరిన్ బాగుంది మేడమ్" అనేవాడు. ఒక ఏప్రిల్లో గోడలు జారడం మొదలై, చూస్తుండగానే నీళ్లు పచ్చబడ్డాయి. నాచును చంపే ఆల్గీసైడ్ పోశాం, బ్రష్ కొట్టాం, రాత్రంతా ఫిల్టర్ నడిపాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పిల్లల్ని దింపాలంటే టెన్షన్. పాత కిట్‌లో పసుపు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

అప్పుడు కొన్నాం దీన్ని. 10 మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేస్తే గులాబీ రంగు వచ్చింది, దాంట్లో ఇంకో సీసాలోని మందు చుక్కలు చుక్కలుగా వేస్తే ఐదో చుక్కకు తేటపడింది. చుక్కకు 0.5 లెక్కన 2.5 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2.5). క్లోరిన్ నిజంగానే ఉంది! మరి నాచెందుకు? క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే స్టెబిలైజర్ ఎంతుందో టెస్టు చేశాం. పూల్ నీళ్లలో సమంగా మందు కలిపితే పాలలా తెల్లబడతాయి. వాటిని కొద్దికొద్దిగా గొట్టంలో పోస్తూ పైనుంచి చూడాలి, నల్లచుక్క ఏ గీత దగ్గర కనపడకుండా పోతే అదే రీడింగు. అన్నిటికంటే కింద ఉన్న 100 గీత చేరకముందే మాది మాయమైంది, అంటే వందకు పైనే. పూల్ నీళ్లకు సమానంగా కుళాయి నీళ్లు కలిపి మళ్లీ చూస్తే 70, అంటే అసలు లెక్క 140. ఉండాల్సింది 30 నుంచి 50.

బిళ్ల బరువులో సగానికి పైగా సైన్యూరిక్ యాసిడ్‌గా నీళ్లలోనే ఉండిపోతుంది. స్టెబిలైజర్ అంటే అదే. ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడేది అదే, మితిమీరితే క్లోరిన్‌ను పని చేయనివ్వనిదీ అదే. ఆవిరైపోదు, ఫిల్టర్‌కు చిక్కదు. సగం నీళ్లు తోడించేశాం. మొత్తం తోడించలేదు, సముద్రం పక్కన భూమిలో నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి ఖాళీ పూల్‌ను అడుగునుంచి ఎత్తేసే ప్రమాదం ఉంది. కొత్త నీళ్లు నింపి, హైపో (స్టెబిలైజర్ లేని ద్రవ క్లోరిన్) పోస్తూ క్లోరిన్‌ను ఎక్కువలో నిలబెట్టాం. అడుగున డ్రెయిన్ జాలీ రంధ్రాలు ఒక్కొక్కటీ విడిగా కనిపించేదాకా తేటపడింది. మిగతా స్టెబిలైజర్‌ను ఐప్పసి (అక్టోబర్-నవంబర్‌లో వచ్చే తమిళ నెల) వానలు పల్చన చేశాయి.

అయితే ఆ నల్లచుక్క కూడా కచ్చితమేమీ కాదు. నాకు 50 దగ్గర మాయమయ్యేది మావారికి 40 దాకా కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు నేనొక్కదాన్నే, పగటి వెలుగులో, ఎండకు వీపు పెట్టి చూస్తాను. క్లోరిన్ బాగా పెంచిన రోజుల్లో పీహెచ్ సీసా ఊదారంగుకు తిరుగుతుంది, ఆ రీడింగును నమ్మకూడదు. మా తేమకు పొడి గడ్డకడుతుంది, కిట్‌ను పంపు గదిలోంచి బీరువాలోకి మార్చాను. రీఫిల్ ఖరీదెక్కువే.

రోజూ జనం దిగే అపార్ట్‌మెంట్ పూల్‌కు ఇది చాలుతుందో లేదో చెప్పలేను. ఇంట్లోవాళ్లు మాత్రమే ఈదే మా పూల్‌కు చాలు. బిళ్లలు ఇప్పుడు ఊరెళ్లినప్పుడే వేస్తున్నాం.